కొత్తిమీర మడిలో బూడిద

పోయిన వారం మనం అలివేలును గుమ్మంలో, చెవికి ఫోను ఆనించుకుని నిలబడ్డచోట వదిలేసి వచ్చాం. అంతకుముందు జరిగింది మరిచినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను. గుర్తున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

భివండిలో మగ్గాలు అమ్ముడుపోయి ఖాళీగా పడున్న ఒక షెడ్డుకు మల్లేశం కాపలా. ఆ షెడ్డు వెనక పెరట్లో అతని భార్య అలివేలు నలభై నాటుకోళ్ళు పెంచుతోంది. రెండు నెలల కింద వాటిలో ఏడు మెడలు వాల్చి చచ్చాయి, మిగిలినవి పెంకులేని మెత్తటి గుడ్లు పెట్టాయి. పక్క గల్లీ బుచ్చిరాములు కూతురు సాక్షి ముంబైలో పశువైద్యం చదువుతోంది. ఆ పిల్ల నెత్తురు పరీక్ష చేయించి, కోళ్ళ ఒంట్లో సీసం చేరిందని తేల్చింది. ఎక్కడిదా సీసం అని అలివేలు తల బద్దలుకొట్టుకోలేదు. గోడ అవతలి ఖాళీ జాగాలో విఠల్ పాత కరెంటు వైర్లు కాల్చి రాగి తీసి అమ్ముకునేవాడు. నల్లటి పొగ కంటికి కనిపిస్తుండగా ఇంకో సాక్ష్యం ఎందుకు? కులసంఘం హాల్లో పెద్దల ముందు అతణ్ణి నిలబెట్టి, నలుగురూ ఛీ అనేదాకా ఊరుకోలేదు. విఠల్ చేతులు కట్టుకుని తప్పయిందన్నాడు, మంట ఆర్పేశాడు, బతుకుతెరువు పోగొట్టుకున్నాడు.

ఆ తరవాత సాక్షి చెప్పినట్టు కొత్తిమీర, మునగాకు, ఎల్లిపాయ మేతలో కలిపి పెట్టి అలివేలు కోళ్ళను బతికించుకుంది. గుడ్లు మళ్ళీ అమ్మింది. ఆరో నెల నిండిన కోడలు సాయిప్రియకు రోజుకొకటి దగ్గరుండి తినిపించింది. ఇక శనివారం సాయంత్రం వచ్చిన ఫోనులో సాక్షి అన్నది ఇంతే: "పెద్దమ్మా, రేపు వస్తున్న. అప్పటిదాంక గుడ్లు ఎవ్వరికి ఇయ్యకు. మీరు గుడ తినకుండ్రి." కానీ ఆ వారం గుడ్లు అన్ని ఇళ్ళకూ శనివారం పొద్దున్నే చేరిపోయాయి.

ఆదివారం తెల్లవారింది.

సాక్షి భివండి రోడ్ స్టేషన్‌లో దిగి, ఆటో దొరక్క అరగంట నిలబడి, తొమ్మిదింటికి చేరింది. అలివేలు అప్పటికే టీ పెట్టి, వంగి పెరడంతా ఊడ్చి పెట్టింది. రాత్రంతా భయపడిన మనిషే, తెల్లారేసరికి ధైర్యం తెచ్చుకుంది. ఆ పిల్ల ఏదో చిన్న సందేహం తీర్చుకోవడానికి వస్తోంది, కోళ్ళను కళ్ళారా చూస్తే అదీ తీరిపోతుంది అని తనకు తానే చెప్పుకుంది. మనకు ఇష్టంలేని మాట వినాల్సి వచ్చినప్పుడు అందరం చేసే పనే అది.

"సూడు బిడ్డా, నెత్తిమీద తురాయి ఎంత ఎర్రగ ఉన్నదో! రెండు నెల్ల కింద గిదే కోడి లేవలేకపాయె. ఇప్పుడు సూడు, పట్టుకుంటె పొడుస్తున్నది" అంటూ ఒక బొల్లికోడిని చంకన పెట్టుకుని ఎదురొచ్చింది.

సాక్షి కోడిని చూడలేదు. టీ గ్లాసు కూడా అందుకోలేదు. బ్యాగు భుజాన ఉండగానే షెడ్డు గోడ వెంట బారుగా పెంచిన కొత్తిమీర మడి దగ్గర గొంతుక్కూర్చుంది. ఒక మొక్క పీకి, వేళ్ళకు అంటిన మట్టిని బొటనవేలితో నలిపి చూసింది. వేలంతా బూడిదరంగు అంటుకుంది.

"పెద్దమ్మా, ఈ మట్టిల ఏం కలిపినవ్?"

"ఇంకేం కలుపుత? బూడిద" అంది అలివేలు. ఆ అనడంలో కొంచెం గర్వం కూడా ఉంది. "మా దుబ్బాక దిక్కు గంతే. కోళ్ళగూట్ల బూడిద సల్లుతె పేను పట్టది. కూరగాయల మడిల సల్లుతె పురుగు రాదు. మా అమ్మమ్మ దినాం పొయ్యిల బూడిద ఎత్తి సాటల పోసేది. కోళ్ళు దాంట్లనే పొర్లేటియి. మీ సదువుల గిది చెప్పరా?"

"చెప్తరు. గని, మీ ఇంట్ల గ్యాస్ కదా? పొయ్యి ఏది?"

"గిదేం ప్రశ్నే? సైజింగ్ బాయిలర్‌ది తెస్త. వారానికి రెండు గోనెలు. రాంప్రసాద్ ఊకెనే ఇస్తడు."

రెండు వీధుల అవతల నూలుకు గంజి పట్టించే సైజింగ్ కార్ఖానా ఉంది. దాని బాయిలర్‌కు మంటపెట్టే మనిషి రాంప్రసాద్. ఏడాదిన్నరగా అలివేలు అక్కడి బూడిదే తెస్తోంది. మల్లేశం సైకిలు కడ్డీ మీద గోనెలు వేసుకుని నెట్టుకొచ్చేవాడు. గూడు నిండా చల్లింది, కోళ్ళు పొర్లడానికి ఒక పాత టబ్బులో పోసింది. కొత్తిమీర మడి చేసినప్పుడైతే మూడు గోనెలు గుమ్మరించింది. మందుమొక్క కదా, బాగా ఎదగాలని.

సాక్షి లేచి నిలబడింది. ఆ పిల్ల మొహంలో కోపం లేదు, ఏదో తను కూడా పోగొట్టుకున్నట్టు ఉంది. బ్యాగులోంచి కాగితాలు తీసింది.

"పోయినసారి నువ్వు నాకు హాస్టల్‌కు కొత్తిమీర కట్ట ఇచ్చినవ్ గదా. నేను అది వండుకోలే పెద్దమ్మా. ఊకెనే, చూద్దామని, కోళ్ళ నెత్తురు, గుడ్లతోని కలిపి టెస్ట్‌కు పెట్టిన. అన్నిటికన్న ఎక్కువ సీసం దాంట్లనే ఉన్నది."

అలివేలుకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. "దేంట్ల?"

"కొత్తిమీరల. ఆకు మంచిదే. కోడి ఒంట్ల సీసం చేసే ఖరాబీ కొంత ఆపుతది, అందుకే అవి సావలే, తురాయిలు ఎర్రగైనయి. గని ఆ మొక్క మట్టిల ఏముంటె అది పీల్చుకుంటది. నువ్వు ఒక చేత్తోని మందు పెట్టినవ్, అదే చేత్తోని సీసం పెట్టినవ్. పైకి కోడి మంచిగ కనిపిస్తున్నది. సీసమేమో గుడ్లల్లకు పోతున్నది." సాక్షి కాగితాలు అరుగు మీద పెట్టింది. "నాదే గలతీ. ఆకు పెట్టుమన్న, ఏ మట్టిల పెంచుతున్నవో అడగలే."

తలకిందులుగా వేసిన కండెల డబ్బా మీద కూర్చున్న మల్లేశం, అంటించబోయిన బీడీని చెవి మీద పెట్టేసుకున్నాడు. అతను మాట్లాడే మనిషి కాదు. నలభై ఏళ్ళు మగ్గాల చప్పుడులో పనిచేసి, చెప్పినా వినపడదులే అన్న అలవాటుకొచ్చాడు.

అలివేలు చంకలోంచి కోడి జారి కిందికి దూకింది. ఆమె ఇంకా ఒక ఆధారం కోసం తడుముకుంటోంది.

"మరి ఆ విఠల్ పొగ? దాంట్ల లేదా?"

"ఉన్నది. లేదని అనను. విఠల్ దిక్కు గోడ పక్క మట్టి గుడ తీస్కపోయిన. ఈ కొత్తిమీరల ఉన్నదాంట్ల పావువంతు గుడ లేదు."

అప్పుడు గుమ్మం దగ్గర స్టీలు గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. సాయిప్రియ ఎప్పటినుంచి నిలబడి ఉందో ఎవరికీ తెలియదు.

"నేను రోజు తిన్నయి?" అంది సాక్షినే చూస్తూ.

సాక్షి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "ఘబరాయించకు వదినా. రేపు దవాఖానకు పోయి నెత్తురు పరీక్ష చేయించుకో, డాక్టర్‌కు అంత చెప్పు. తిన్నది ఎంత, ఒంట్ల చేరింది ఎంత, చూస్తెనే ఎరుకైతది. ఆపేసినం కదా, అదే మొదలు మంచిది. నేను గుడ వస్త నీతోని."

"నాకు నీసు వాసనొస్తదని చెప్పిన. ఒద్దన్న." సాయిప్రియ ఎవరినీ నిందిస్తున్నట్టు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది, అంతే. "అత్తమ్మ ఎదురుంగ కూసొని తినిపిచ్చింది. దినాం."

కడుపు మీద చెయ్యి వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వేసినా బాగుండేది. నెమ్మదిగా దగ్గరికి వేసింది.

అలివేలుకు సిగ్గేసింది. నలుగురిలో జారిపడితే కలిగే సిగ్గు కాదది, అది దులుపుకుంటే పోతుంది. తన చెయ్యి చూసుకోవడానికే తనకు మొహం చెల్లలేదు. ఆ చేత్తోనే గుడ్డు వలిచి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి, "మనుమడు బలంగ పుట్టాలె" అంటూ కోడలి నోటి దగ్గర పెట్టింది. వద్దన్న పిల్లను బుజ్జగించింది, వినకపోతే గదిమింది.

ఇంతటితో అయిపోతే పొరపాటు అనుకోవచ్చు. తెలియక చేసింది, పాపం అని మీరూ నేనూ కూడా జాలిపడవచ్చు. కానీ అలివేలుకు ఒక సంగతి తెలుసు. ఇప్పుడు అది లోపలినుంచి పైకి వస్తోంది. ఎంత అదిమినా ఆగడం లేదు.

కులసంఘం పంచాయితీకి రెండు రోజుల ముందు బూడిదకు వెళ్ళినప్పుడు రాంప్రసాద్ గోనె మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "మౌసీ, యే రాఖ్ మత్ లే జావో. తీసుకెళ్ళకు. ఇప్పుడు కట్టెలు లేవు. సేఠ్ పాత రంగు తలుపులు, ప్లాస్టిక్, గుడ్డపీలికలు, అన్నీ బాయిలర్‌లో వేయిస్తున్నాడు. బూడిద మంచిది కాదు" అని హిందీలో మొదలుపెట్టి తనకొచ్చిన తెలుగులో చెప్పాడు. వాడు గుడ్ల కోసం బెట్టు చేస్తున్నాడని అలివేలు అనుకుంది. నాలుగు గుడ్లు తెచ్చి చేతిలో పెట్టింది. రాంప్రసాద్ ఆ గుడ్లకేసి, ఆమెకేసి చూసి, ఇక చెప్పి లాభం లేదన్నట్టు చెయ్యి తీసేశాడు. దారిలో మల్లేశం, "ఒద్దంటున్నడు కదనే" అని గొణిగాడు. "నీకేం తెల్వది, నువ్వు సైకిల్ నూకు" అని కసిరింది.

అది కూడా తెలివితక్కువతనమే అనుకుందాం. మరి ఆ రోజు హాల్లో? విఠల్ చేతులు కట్టుకుని, "నా పొగతోనే అయ్యిందంటె నిజమే గావొచ్చు, నాకైతె తెల్వది" అన్నప్పుడు, అలివేలుకు రాంప్రసాద్ మాట మెరుపులా గుర్తొచ్చింది. రంగు తలుపులు, ప్లాస్టిక్. ఒక్క క్షణం నోరు ఆగింది కూడా. కానీ అప్పటికే పెద్దలంతా తనవైపు ఉన్నారు, ఆడవాళ్ళు తల ఊపుతున్నారు. ఆమె ఆ గుర్తును తోసేసి గొంతు ఇంకా పెంచింది. పెంచిన గొంతు ఇప్పుడు తన చెవుల్లో తనకే వినిపిస్తోంది.

"సాక్షీ" అంది అలివేలు. "ఈ ముచ్చట మన నడుమనే ఉండనియ్యరాదు బిడ్డా. కోళ్ళకు మళ్ల పానం బాగ లేదని చెప్త. గుడ్లు బంద్ చేసిన అంట. మడి పీకేస్త. బూడిద ముచ్చట ఎందుకు ఊరంత?"

సాక్షి ఆమెవైపు చూసింది. "మరి విఠల్ బాబాయ్?"

అలివేలు, ఇరవై రెండేళ్ళ పిల్ల ముందు, చిన్నప్పుడు తను జడలు వేసిన పిల్ల ముందు, తల వంచుకుని నిలబడింది.

"ముందు గుడ్లు తిననియ్యకుండ ఆపాలె" అంది సాక్షి. "నిన్న ఎవరెవరికి ఇచ్చినవో చెప్పు. ఇండ్లకు నేను పోత."

అలివేలు పేర్లు చెప్పింది. సాక్షి ఫోనులో రాసుకుంది. పదకొండు ఇళ్ళు. రాసుకున్నాక, "అంతేనా?" అని అడిగింది.

పన్నెండో ఇల్లు ఒకటుంది.

పంచాయితీ అయిన వారానికి విఠల్ పక్కనున్న పూర్ణ ఊళ్ళో ఒక గోదాములో రాత్రిపూట మూటలెత్తే పనికి కుదిరాడని, నడుం పట్టేసిందని తెలిసి, అలివేలు మనసు ఎందుకో కుదురుగా లేకపోయింది. అప్పటినుంచి ప్రతి శనివారం ఆరు గుడ్లు కవర్లో పెట్టి వాళ్ళింటి గొళ్ళేనికి తగిలించి వచ్చేది. విఠల్‌కు ఐదేళ్ళ కూతురుంది, ప్రాజక్త. ఒక్కోసారి ఆ పిల్లే ఎదురొచ్చి అందుకునేది; పిల్ల తింటుందిలే అనుకునేది. ఆ గుడ్లు తగిలించిన రోజు ఆమెకు నిద్ర బాగా పట్టేది. మనిషి తప్పు ఒప్పుకోకుండానే దాన్ని తీర్చేసుకోవాలని చూస్తుంది.

"అంతేనా పెద్దమ్మా?"

"అంతే" అనబోయింది. ఆ మాట నిజంగానే నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడు ప్రాజక్త కళ్ళముందు కనిపించింది, గుడ్డు సొన మూతికి అంటించుకుని నవ్వే పిల్ల.

"ఇంకొక ఇల్లున్నది. దానికి నేనే పోత" అంది.

చెప్పులు వెతుక్కుంటూ ఉండగా మల్లేశం లేచాడు. సాక్షి అరుగు మీద పెట్టిన కాగితాలను ఒకసారి చూశాడు, భార్యను ఒకసారి చూశాడు. "నేనట్ల పోయొస్త" అని బయటికి నడిచాడు. బీడీల కోసమనుకుని అలివేలు పట్టించుకోలేదు. చెవి మీద బీడీ ఉన్న సంగతి ఆమెకు తట్టలేదు.

విఠల్ ఇల్లు రెండు గల్లీల అవతల. ఆ నాలుగు వందల అడుగుల దూరంలో అలివేలు ఎన్ని అబద్ధాలు తయారుచేసుకుందో చెబితే మీరు నవ్వుతారు. గుడ్లు పాతవి పొరపాటున వచ్చాయనవచ్చు. ఎవరో మురిగిపోయాయన్నారు అనవచ్చు. ఏది చెప్పినా పిల్ల తినడం ఆగుతుంది, తన పరువూ ఉంటుంది. రెండూ దక్కే మాట ఏదో ఒకటి ఉండకపోదని ఆమె నమ్మకం.

తలుపు తీసింది విఠల్ భార్య శాంతాబాయి. అలివేలును చూసి మొహం ముడుచుకుంది, మళ్ళీ మర్యాద కోసం సర్దుకుంది.

"రా అక్కా. ఆయన ఇప్పుడే నైట్ పాళీ దిగొచ్చి ఒరిగిండు."

"లేపకు, లేపకు. నిన్నటి గుడ్లు... అవి మంచియి కావంట శాంతా. పారెయ్యి. పాపకు పెట్టకు. అది చెప్పనీకె వచ్చిన."

"ఎందుకు మంచియి కావు?"

ఆ మాట అడిగింది శాంతాబాయి కాదు. లోపల చాప మీద పడుకున్న విఠల్ మోచేతి మీద లేచాడు. నడుముకు తువ్వాల బిగించి కట్టుకుని ఉన్నాడు.

"నా మంట ఆరిపోయె. నీ కోళ్ళు బాగైనయంటివి. బజార్ల అందరికి చెప్తివి, విఠల్ పొగ పోయింది, నా కోళ్ళు లేచినయని. ఇప్పుడెందుకు మంచియి కావు వదినా?"

అలివేలు తయారుచేసుకున్న మాటలన్నీ ఒక్కసారిగా ఎటో పోయాయి. గడప మీద కూర్చుండిపోయింది. కూర్చుని, తల ఎత్తకుండా, చెప్పడం మొదలుపెట్టింది. బూడిద గురించి చెప్పింది. బాయిలర్ గురించి, మడి గురించి, సాక్షి తెచ్చిన కాగితాల గురించి చెప్పింది. గోడ పక్క మట్టిలో ఉన్నది పావువంతు కూడా కాదని చెప్పింది. సాయిప్రియ గురించి చెబుతున్నప్పుడు ఏడుపొచ్చింది, కానీ ఈ గడపలో ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెల్వక చేసిన విఠల్. నా గలతీకి నిన్ను అంతమందిల నిలవెట్టిన."

విఠల్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బయట ఎక్కడో మగ్గాలు ఆడుతున్నాయి. ఆదివారం కూడా ఆడే మగ్గాలు కొన్ని ఉంటాయి.

"రాంప్రసాద్ నాకు తెలుసు" అన్నాడు విఠల్. "బాయిలర్‌ కాడ పాత వైరు ఏదన్న దొరికితె నాకే ఇచ్చెటోడు. వాడు మంచోడు, బూడిద ఎవరు అడిగినా ఒద్దని చెప్తడు. నీకు గుడ చెప్పే ఉంటడు." ఆగాడు. "ఎప్పుడు చెప్పిండు వదినా?"

అడగకూడని ఆ ఒక్క మాటే అతను అడిగాడు. నిన్న చెప్పాడంటే సరిపోతుంది. మొన్న అన్నా సరిపోతుంది. రాంప్రసాద్ తారీకులు గుర్తుపెట్టుకునే మనిషి కాదు. తెలియక చేశాను అన్న మాట అప్పుడు నిలుస్తుంది, ఇంతసేపూ చెప్పిన నిజమంతా ఆ ఒక్క అబద్ధం మీద కులాసాగా కూర్చుంటుంది.

"హాల్ల నిన్ను నిలవెట్టినదానికి రెండు దినాల ముంగట" అంది.

శాంతాబాయి నోటి మీద చెయ్యి వేసుకుంది. విఠల్ కేకలు వేస్తాడని, కనీసం తిడతాడని అలివేలు ఎదురుచూసింది. తిడితే కొంచెం ఊపిరాడేది. అతను తిట్టలేదు. భార్యవైపు తిరిగి అడిగాడు.

"పాప తిన్నదా?"

"పొద్దుగాల రెండు పెట్టిన" అంది శాంతాబాయి. "నెల సంది కడుపుల నొస్తున్నదని ఏడుస్తనే ఉన్నది గదా. డాక్టర్ నట్టలు, కడుపుల పురుగులన్నడు. మందు తాపితె తగ్గలే. బలం లేక నొస్తున్నదేమోనని, నేనే... ఇంకో గుడ్డు ఎక్కువ పెట్టిన."

ఆమె మాట పూర్తికాకముందే లోపలి గదిలోంచి ప్రాజక్త వచ్చింది. నెల కిందటి పిల్లలా లేదు. మొహం పాలిపోయి ఉంది. అలివేలును చూసి, "అండేవాలీ అవ్వ, గుడ్ల అవ్వ" అని తల్లికి చూపించింది, ఎప్పటిలా దగ్గరికి మాత్రం రాలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

అలివేలు ఈ పిల్ల తండ్రి కూడు పోగొట్టింది. పోగొట్టి, ఆ కూటికి బదులుగా బిడ్డకు ఇది పంపింది.

"సాక్షి ఈడనే, గుడ్లు తినొద్దని ఇండ్లల్ల చెప్పుకుంట తిరుగుతున్నది" అంది, మాటలు తడబడుతూ. "ఏ పరీక్ష చెయ్యాల్నో ఆమెకు ఎరుకే. నడువుండ్రి, నేను గుడ వస్త దవాఖానకు. దండం పెడత."

విఠల్ నడుం పట్టుకుని లేచాడు. అంగీ తొడుక్కున్నాడు, కూతురును ఎత్తుకున్నాడు. మందుచీటీలు తీసుకోమని భార్యకు చెప్పాడు.

"నువ్వు దవాఖానకు రావద్దు" అన్నాడు. "పాపను నేను తీస్కపోత. సాక్షిని నేను పిలుచుకుంట. ఇయ్యాల ఆదివారం, పెద్దమనుషులు హాల్ల కూసొని ఉంటరు. నువ్వు ఆడికి పో."

"నువ్వు గుడ..."

"నేను రాను. నేను పక్కన ఉంటె, విఠల్ గుంజుకొచ్చి చెప్పిపిస్తున్నడు అంటరు. ఆ రోజు నేనొక్కన్నే నిలవడ్డ వదినా. నా దిక్కు ఒక్కరన్న సూడలే. ఇయ్యాల నువ్వొక్కదానివే పో. నాకు చెప్పినట్టె, రెండు దినాల ముంగట అన్నది గుడ కలిపి, అందరి ముంగట చెప్పు."

వాళ్ళు వెళ్ళిపోయారు. గల్లీ చివర ఆటో ఎక్కేటప్పుడు ప్రాజక్త తండ్రి భుజం మీద తల వాల్చేసింది. అంత ఎండలో ఆ పిల్లకు నిద్ర వస్తోంది.

అలివేలు హాలువైపు నడిచింది. దారిలో ఇద్దరు పలకరించారు, ఒకామె గుడ్లు ఎప్పుడిస్తావని అడిగింది. ఏమన్నదో ఆమెకే తెలియదు. నడుస్తూ ఒకే వాక్యం కూడబలుక్కుంటోంది: నాకు ముందే తెలుసు, నాకు ముందే తెలుసు. ఆ ఒక్క ముక్క ముందు చెప్పేస్తే మిగతాది అదే వస్తుంది. మెట్ల దగ్గర ఆగింది. వెనక్కి తిరిగితే ఎవరూ చూడరు అని కూడా తోచింది. పాలిపోయిన ఆ చిన్న మొహం గుర్తుకు తెచ్చుకుని, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.

ముప్పై నలభై మంది ఉన్నారు. అందరూ ఒక్కసారిగా ఆమెవైపు తిరిగారు. ఆ చూపుల్లో ఆమె ఎదురుచూసింది లేదు. జాలి ఉంది. ఆడవాళ్ళలో ఒకామె కళ్ళు తుడుచుకుని, జరిగి, పక్క కుర్చీ ఖాళీ చేసింది.

సంఘం పెద్ద కోదండరామయ్య కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. బల్లకు ఇవతల మల్లేశం నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ కట్టుకుని, తల నేలకు వేసి. భార్య వచ్చిందని తెలిసినా తిరిగి చూడలేదు.

"రా చెల్లే, కూసో. గాబర గాకు" అన్నాడు కోదండరామయ్య, ఎంతో మెత్తగా. "నీ తప్పేం లేదని అందరికి ఎరుకైంది. బూడిద తెచ్చింది తనే అని, రాంప్రసాద్ ఒద్దన్న మాట నీకు చెప్పకుండ దాచిపెట్టింది గుడ తనే అని, మల్లేశం అంత ఒప్పుకున్నడు. నీకేమి తెల్వదట గదా."

నాకు ముందే తెలుసు అన్న వాక్యం ఇంకా అలివేలు నోట్లోనే ఉంది. అలివేలు చేయవలసిందల్లా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవడం.